బోరు నీళ్లలో యురేనియం వెలుగు

నీళ్లలో యురేనియం ఉందో లేదో చూడాలంటే రేడియేషన్‌ను పసిగట్టే గైగర్ కౌంటర్ పెడితే చాలని చాలామంది అనుకుంటారు. తాగునీటి విషయంలో దాంతో పని జరగదు. లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సూచించింది. 30 మైక్రోగ్రాముల యురేనియం-238లో దాదాపు 760 కోట్ల కోట్ల పరమాణువులుంటాయి. అన్ని ఉన్నా, సుమారు మూడు సెకన్లకు ఒక్కటి మాత్రమే విచ్ఛిన్నమవుతుంది. దాని అర్ధాయువు, అంటే సగం పరమాణువులు విచ్ఛిన్నం కావడానికి పట్టే కాలం, 447 కోట్ల ఏళ్లు మరి! పైగా అది వదిలే ఆల్ఫా కణం నీటిలో మిల్లీమీటరులో పదో వంతు దూరమైనా పోలేదు.

అందుకే శాస్త్రవేత్తలు రేడియేషన్‌ను వదిలేసి వెలుగును పట్టుకున్నారు. నీటిలో కరిగిన యురేనియం రెండు ఆక్సిజన్‌లతో కలిసి యురేనిల్ అయాన్‌గా ఉంటుంది. అతినీలలోహిత కాంతి పడితే అది ఆకుపచ్చగా మెరుస్తుంది. ఈ గుణం పాతకాలం నుంచీ తెలిసిందే. ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ బెకెరెల్, ఇలాంటి పదార్థాలు కాంతి ఆపేశాక ఎంతసేపు మెరుస్తాయో కొలవడానికి 19వ శతాబ్దంలోనే ఒక పరికరం చేశాడు. 1896లో ఆయన కొడుకు హెన్రీ తన ప్రయోగానికి యురేనియం లవణాన్ని ఎంచుకున్నదీ ఆ మెరుపు కోసమే. రేడియోధార్మికత బయటపడింది ఆ ప్రయోగాల్లోనే.

ఈ మెరుపును కొలిచే పరికరం ఫ్లోరిమీటర్. అందులో ఒక రకంలో నైట్రోజన్ లేజర్ 337 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని చిన్న చిన్న పల్స్‌లుగా నీటి మీదికి పంపుతుంది. మన దేశంలో ఇలాంటి పరికరాన్ని ఇండోర్‌లోని రాజా రామన్న అధునాతన సాంకేతిక పరిజ్ఞాన కేంద్రం తయారుచేసింది. చిక్కేమిటంటే, కుళ్లిన ఆకుల నుంచి నీటిలో చేరే సేంద్రియ పదార్థాలు కూడా లేజర్ తగలగానే మెరుస్తాయి. కాకపోతే వాటి మెరుపు నానోసెకన్లలోనే ఆరిపోతుంది. యురేనిల్ వెలుగు, తగిన రసాయనం కలిపితే, ఎన్నో మైక్రోసెకన్లు, అంటే వేల నానోసెకన్లు, నిలుస్తుంది. అందుకే పరికరం కాసేపు కళ్లు మూసుకుని, ఆ తర్వాత లెక్కపెడుతుంది. పెళ్లింట బ్యాండు ఆగాక సన్నాయి వినిపించినట్టు, అప్పుడు మిగిలేది యురేనియం వెలుగే. ఈ పద్ధతి మొత్తంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఈ చిన్న ఎదురుచూపే.

ఇక ఆ రసాయనం సంగతి. తెలంగాణ నేల కింద చాలా చోట్ల గ్రానైటే. అందులో యురేనియం సహజంగానే కొద్దికొద్దిగా ఉంటుంది. నీటిలోని బైకార్బొనేట్లు దాన్ని రాతి నుంచి లాగి కరిగించుకుంటాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఖనిజం నుంచి యురేనియం తీయడానికి వాడేదీ కార్బొనేట్ రసాయనమే. అయితే కార్బొనేట్‌తో ముడిపడిన యురేనిల్ మామూలు ఉష్ణోగ్రతలో సరిగ్గా మెరవదు. నమూనాలో సోడియం పైరోఫాస్ఫేట్ కలిపితే ఆ ముడి వీడి, ఫాస్ఫేట్ జత కడుతుంది, వెలుగు పెరుగుతుంది. ఇంతా చేసినా ఇనుము, క్లోరైడ్ వంటివి వెలుగును కొంత మింగేస్తాయి. అవి ఒక్కో బోరులో ఒక్కోలా ఉంటాయి. కాబట్టి అదే నీటిలో తెలిసిన మోతాదు యురేనియం చేర్చి, వెలుగు ఎంత పెరిగిందో చూసి, అసలు ఎంత ఉందో లెక్క కడతారు. ఈ మెట్టు దాటవేసిన రిపోర్టును నేనైతే నమ్మను.

ఈ పద్ధతికి అందనివీ ఉన్నాయి. రేడియం, రేడాన్ ఇలా మెరవవు. వాటికి రేడియేషన్ కొలిచే పరికరాలే కావాలి. యురేనియం ఐసోటోపుల్ని, అంటే పరమాణు బరువులో తేడా ఉన్న యురేనియం రకాల్ని, కూడా ఇది విడదీసి చెప్పలేదు. అయినా తాగునీటి యురేనియంతో ముందుగా దెబ్బతినేవి మూత్రపిండాలు, అదీ రసాయన విషం వల్ల. అందుకే ఎంత బరువు యురేనియం ఉందన్నదే మనకు ముందు తెలియాలి.

ఇంట్లో టీడీఎస్ మీటరు దీన్ని చూపించదు. అది మొత్తం లవణాలను మిల్లీగ్రాముల్లో అంచనా వేస్తుంది. మైక్రోగ్రాములు అందులో ఆనవు. కాచినా యురేనియం పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకాస్త గాఢమవుతుంది. ఆర్వో పొర చాలావరకు ఆపుతుంది గానీ, ఆగిందంతా ప్లాంటు బయటికి వదిలే నీటిలోకే పోతుంది. ఊళ్లో ఆర్వో ప్లాంటు ఉంటే బోరు నీటితో పాటు ఆ వదిలేసే నీటిని కూడా ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపాలి.