రొయ్య పెంకులతో రంగునీటి శుద్ధి: అపోహలు - వాస్తవాలు

అద్దకం యూనిట్ల మురుగునీటి శుద్ధి పనిలో ఉన్నాను కాబట్టి రొయ్య పెంకుల గురించి చాలామంది అడుగుతుంటారు. భీమవరం, నెల్లూరు వైపు ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్య బరువులో దాదాపు సగం తలలు, పెంకులుగానే పోతుంది. దాంతో రంగునీటిని శుభ్రం చేయొచ్చన్నది నిజమే. కానీ ఎలా, ఎంతవరకు అన్న దగ్గరే పొరపాటు మాటలు ప్రచారంలో ఉన్నాయి.

అపోహ: పెంకులు ఎండబెట్టి పొడి కొట్టి నీళ్లలో వేస్తే చాలు.

వాస్తవం: చాలదు. పెంకులో కైటిన్ అనే నారలాంటి పదార్థంతో పాటు సున్నపు ఖనిజం, ప్రోటీన్ కలిసి ఉంటాయి. పలుచని యాసిడ్‌తో ఖనిజాన్ని, పలుచని కాస్టిక్ సోడాతో ప్రోటీన్‌ను తీసేయాలి. మిగిలిన కైటిన్‌ను 40-50 శాతం కాస్టిక్‌లో వేడిచేస్తే కైటోసాన్ వస్తుంది. రంగును గట్టిగా పట్టేది ఇదే. పచ్చి పొడి వేస్తే ప్రోటీన్ కరిగి సీఓడీ (నీటిలోని సేంద్రియ కాలుష్యానికి కొలత) పెరుగుతుంది, కంపు కూడా కొడుతుంది. పైగా ఈ తయారీలోనే యాసిడ్, కాస్టిక్ నీళ్లు బోలెడు వస్తాయి. వాటిని శుద్ధి చేయకుండా వదిలేస్తే ‘పర్యావరణహితం’ అనడానికి మనకు హక్కు లేదు.

అపోహ: ఏ పెంకైనా ఒకటే.

వాస్తవం: ఆల్చిప్పల్లో దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. కాల్చి సున్నం చేసుకోవచ్చు. కైటోసాన్‌కు మాత్రం రొయ్య, పీత లాంటి వాటి పెంకులు కావాలి.

అపోహ: ఏ రంగునైనా లాగేస్తుంది.

వాస్తవం: కొంచెం ఆమ్లంగా ఉన్న నీటిలో కైటోసాన్‌కు ధనావేశం వస్తుంది. నూలుకు వేసే రియాక్టివ్, డైరెక్ట్ రంగులు, పట్టుకు వేసే యాసిడ్ రంగులు రుణావేశంతో ఉంటాయి కాబట్టి వచ్చి అతుక్కుంటాయి. మెథిలిన్ బ్లూ లాంటి ధనావేశపు రంగులు అంతగా అతుక్కోవు. రియాక్టివ్ ఎరుపు కలిపిన నీటిని పీహెచ్ 6 దగ్గరకు తెచ్చి, కైటోసాన్ రేకులు వేసి కలుపుతూ ఉండండి. పాలిపోయిన రేకులు ఎర్రబడతాయి, నీరు తేరుకుంటుంది. అందులోనే కాస్టిక్ వేసి పీహెచ్ బాగా పెంచితే ఎరుపు మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. మరీ ఆమ్లంగా ఉంటే ఇంకో చిక్కు: రేకులే కరిగిపోతాయి. అందుకే క్రాస్‌లింక్ చేసిన (కరగకుండా అణువులను ఒకదానితో ఒకటి ముడివేసిన) గుళికలు వాడతారు.

అసలు ఇబ్బంది యూనిట్ నుంచి వచ్చే నీటితోనే. రియాక్టివ్ అద్దకంలో సోడా యాష్ వల్ల పీహెచ్ 10 దాటుతుంది, ఉప్పు లీటరుకు పదుల గ్రాముల్లో ఉంటుంది. ఆ ఉప్పు అయాన్లు రంగుతో పోటీపడి కైటోసాన్ మీద చోటు ఆక్రమిస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో చేసిన ప్రయోగాల లెక్కలు ఇక్కడ రావు. నా అభిప్రాయంలో దీని చోటు బయలాజికల్ ట్రీట్‌మెంట్ (సూక్ష్మజీవులతో చేసే శుద్ధి) తర్వాతే. పీహెచ్ అప్పటికి దిగి ఉంటుంది, మిగిలిన రంగును ఇది తీస్తుంది.

అపోహ: రంగు పోతే నీరు శుద్ధి అయినట్టే.

వాస్తవం: ఉప్పు అలాగే ఉంటుంది. తమిళనాడులోని తిరుప్పూర్‌లో 2011లో మద్రాస్ హైకోర్టు అద్దకం యూనిట్లను మూయించాక చుక్క నీరు కూడా బయటికి వదలకూడదన్న నియమం కఠినంగా అమలైంది. అందుకే అక్కడ ఉప్పును వేరుచేసే ఆర్‌ఓ పొరలు, నీటిని ఆవిరి చేసే ఇవాపరేటర్లు తప్పనిసరయ్యాయి. ఇక కైటోసాన్ పట్టిన రంగు నాశనం కాదు, చోటు మారుతుందంతే. కాస్టిక్‌తో కడిగి మళ్లీ వాడొచ్చు గానీ ఆ కడిగిన చిక్కటి రంగునీటికి వేరే దారి చూడాలి.

ఎవరైనా ఈ పొడి అమ్మడానికి వస్తే, మీ డ్రెయిన్‌లో నీళ్లే ఇచ్చి మీ ముందే జార్ టెస్ట్ (జాడీల్లో వేర్వేరు మోతాదులు కలిపి చూసే పరీక్ష) చేయమనండి. రంగుతో పాటు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత), సీఓడీ రీడింగులు, వాడేసిన పొడిని ఎవరు తీసుకెళ్తారో కూడా రాసిమ్మని అడగండి.