వణుకు నిలిచింది, మనిషి నిలవలేదు

చిత్తూరు నుంచి వచ్చిన ఒక గృహిణి మా ఇంట్లో కూర్చుని అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. ఆమె భర్త విశ్రాంత ఉపాధ్యాయుడు. పెద్దలు కంపవాతం అని పిలిచే పార్కిన్సన్ వ్యాధితో ఆయన ఏళ్ల తరబడి బాధపడి, మందులు సరిగా పనిచేయని దశలో మెదడులో ఎలక్ట్రోడ్లు అనే సన్నని విద్యుత్ తీగలు పెట్టించుకున్నారు. "వణుకు నిలిచిపోయింది సార్, ఇప్పుడు మనిషే నిలవడం లేదు" అని ఆమె అన్నారు. ఒక చొక్కా కొనడానికి మూడు అంగళ్లు తిరిగే ఆయన, ఎవరో ఫోనులో చెప్పగానే మామిడి తోట గుత్తకు తీసుకొని అడ్వాన్సు ఇచ్చేశారట. ఇరుగుపొరుగువారు గాలి సోకిందని, తాయెత్తు కట్టించమని సలహా ఇచ్చారు. ఆమె నమ్మలేదు. అయినా ఆ సలహాకు చోటు ఎందుకు దొరికిందో మనం ఆలోచించాలి. ఆపరేషన్‌కు ముందు వణుకు గురించి, ఖర్చు గురించి వివరంగా చెప్పినవారు, స్వభావం గురించి ఒక్క మాటైనా చెప్పలేదు.

ఈ చికిత్సను డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అంటారు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో 1987లో అలీం లూయీ బెనాబిద్ అనే మెదడు శస్త్రవైద్యుడి బృందం దీని ఆధునిక రూపానికి నాంది పలికింది. ఛాతీ చర్మం కింద అమర్చిన బ్యాటరీ పరికరం నుంచి సన్నని తీగ మెదడు లోతులకు వెళ్లి, సాధారణంగా సెకనుకు 130 సార్ల చొప్పున విద్యుత్ స్పందనలు పంపుతుంది. పార్కిన్సన్ రోగుల్లో ఆ తీగ కొన ఎక్కువగా చేరేది సబ్‌థలామిక్ న్యూక్లియస్ అనే చోటికి. చెనక్కాయ గింజంత ఉండే ఈ కణసమూహం చేసే పని నన్ను ఎంతో కాలంగా ఆకట్టుకుంటోంది, ఎందుకంటే దాని పని మనల్ని ఆపడం.

తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో దిగే వాహనాన్ని తలచుకోండి. నిర్ణీత సమయం కంటే ముందే కిందికి చేరితే జరిమానా వేసే పద్ధతి అక్కడ ఉన్నది, మలుపుల దగ్గర డ్రైవరు తప్పనిసరిగా నెమ్మదించాలనే. మెదడులోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఎటు పోవాలో తేలని మలుపు ఎదురైనప్పుడు, మెదడు పైపొర అయిన కార్టెక్స్ నుంచి సూచన నేరుగా సబ్‌థలామిక్ న్యూక్లియస్‌ను చేరుతుంది. అది గ్లుటమేట్ అనే రసాయనం ద్వారా, గ్లోబస్ పాలిడస్ అనే మరో కణసమూహపు లోపలి భాగాన్ని ఉత్తేజపరుస్తుంది. ఆ భాగం గాబా అనే రసాయనంతో, కదలికల సూచనలను కార్టెక్స్‌కు చేరవేసే థలమస్‌ను అణచిపెడుతుంది. థలమస్ అణగి ఉన్నంతసేపు ఏ పనీ మొదలుకాదు. ఆ కాస్త వ్యవధిలోనే మనం రెండు దారులనూ తూచి చూసుకుంటాం.

పార్కిన్సన్ వ్యాధిలో డోపమిన్ అనే మెదడు రసాయనం తగ్గిపోయినప్పుడు ఈ బ్రేకు బిగుసుకుపోతుంది. అప్పుడు ఆ కణాలు సెకనుకు 13 నుంచి 30 సార్ల బీటా లయలో కలిసికట్టుగా స్పందిస్తూ కదలికలను కట్టివేస్తాయి. కొండ మీదే ఆగిపోయిన బస్సు మాదిరిగా, రోగి గడప దగ్గర అడుగు పడక నిలబడిపోతాడు. ఎలక్ట్రోడ్ ఆ లయను చెదరగొట్టి బ్రేకును వదులు చేస్తుంది. అయితే కదలికకూ నిర్ణయానికీ ఆ గింజలో వేరువేరు భాగాలున్నా, అవి మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటాయి. కరెంటు కొంచెం పక్కకు పాకినా మలుపు దగ్గర నొక్కవలసిన బ్రేకు కూడా వదులవుతుంది. అమెరికాలో మైకేల్ ఫ్రాంక్ అనే శాస్త్రవేత్త బృందం 2007లో దీన్ని పరీక్షించి చూపింది. దాదాపు సమానంగా మంచివైన రెండు ఎంపికలు ఎదురైతే ఎవరైనా కొంత తటపటాయిస్తారు. స్టిమ్యులేషన్ ఆపినప్పుడు రోగులూ అలాగే తటపటాయించారు. అది నడుస్తున్నప్పుడు మాత్రం తొందరపడ్డారు.

మామిడి తోట కథ నాకు ఇక్కడే అర్థమవుతున్నట్టు ఉంది. అయినా తప్పంతా తీగ మీదికి నెట్టడం న్యాయం కాదు. డోపమిన్‌ను అనుకరించే కొన్ని మందులు జూదానికీ, విచ్చలవిడి ఖర్చుకూ దారితీస్తాయని మనకు తెలుసు. ఆపరేషన్ తరువాత మందులు బాగా తగ్గిస్తే కొందరిలో దేనిమీదా ఆసక్తి లేని నిర్లిప్తత వస్తుంది. పారిస్‌లో జరిపి 2006లో ప్రచురించిన ఒక పరిశీలనలో, శరీరం బాగుపడిన 29 మందిలో 19 మంది తమకు తామే పరాయిగా అనిపిస్తున్నామని చెప్పారు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది నెదర్లాండ్స్ వైద్యులు 2004లో వివరించిన ఒక రోగి ఉదంతం. 62 ఏళ్ల ఆ మనిషి స్టిమ్యులేషన్ నడుస్తుంటే లేచి తిరగగలడు, కానీ ఉన్మాదంలో అప్పులపాలవుతాడు. ఆపితే బుద్ధి నిలకడగా ఉంటుంది, కానీ మంచం దిగలేడు. మందులు మార్చినా, సెట్టింగులు మార్చినా దారి దొరకలేదు. చివరికి పరికరం ఆపి, వివేకం ఉన్న స్థితిలో ఆయననే అడిగారు. పరికరాన్ని నడవనివ్వమని, తనను మానసిక చికిత్సాలయంలో ఉంచమని ఆయన కోరుకున్నారు. వివేకం ఉన్న మనిషి, వివేకం లేని తన రేపటి తరఫున సంతకం చేశాడు. ఆ సంతకానికి విలువ ఉందనే నేను అనుకుంటాను, ఎందుకంటే మంచం మీద పడి ఉండే బాధ ఎంతటిదో తూచగలిగినవాడు ఆయన ఒక్కడే.

"ఈయన మా ఆయనేనా, ఆ బ్యాటరీనా?" అని ఆమె మొదట అడిగిన ఆ ప్రశ్నకు ఆయనే అని నేను ఆమెతో చెప్పాను. మూడు అంగళ్లు తిరిగిన ఓపిక కూడా ఆ గింజంత కణాల సాయంతో నడిచినదే కాబట్టి, అసలు మనిషి ఒకచోట, యంత్రం మరొకచోట అని గీత గీయలేం. కానీ సెట్టింగులు మార్చవచ్చు, కరెంటు వెళ్లే చోటును కొంత జరపవచ్చు. డాక్టరు ఆ సెట్టింగులు సరిచేసే తరువాతి ప్రోగ్రామింగ్‌కు ఆయనతోపాటు వెళ్లి తోట సంగతి తేదీలతో సహా చెప్పమన్నాను. చెయ్యి వణకడం డాక్టరు కంటికి కనిపిస్తుంది, తోట కనిపించదు.

"ఆయన మాత్రం ఇంత హాయిగా ఎన్నడూ లేనంటున్నారు సార్. ఆయన ఎదురుగానే చెప్పాలా?" అని ఆమె అడిగారు.

ఎదురుగానే చెప్పమన్నాను, ఆ హాయి మాట కూడా ఆయన నోటనే డాక్టరు వినేలా చూడమన్నాను.