ఫార్ములా వస్తే ఫిజిక్స్ వచ్చినట్టేనా? అరసవల్లి కిరణాలు చెప్పే సంగతి

శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి 22 ఏళ్లయింది. ఏటా అక్టోబరు మొదటి వారంలో నా ఫోనుకు ఒకే సందేశం పదిమంది నుంచి వస్తుంది: అరసవల్లి సూర్యదేవాలయంలో స్వామి పాదాల మీద ఉదయపు సూర్యకిరణాలు ఎలా పడతాయో సైన్సుకు అంతుచిక్కలేదట! పంపినవాళ్లలో నా దగ్గర చదువుకున్నవాళ్లూ ఉంటారు. ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు చిన్న అపోహలు తేల్చేస్తాను. బరువైనది ముందు పడుతుందా? పడదు, తేడా తెచ్చేది గాలి. 1971లో అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ కలిసే పడ్డాయి. కుండ మట్టిలో చలవ గుణం ఉందా? లేదు, చలవంతా ఊరిన నీరు ఆవిరి కావడంలో ఉంది. అందుకే మన ఉక్కపోత రోజుల్లో కుండనీళ్లు అంతగా చల్లబడవు. ఫోను పిడుగును లాగుతుందా? లాగదు (చార్జింగ్‌లో పెట్టి మాట్లాడటం వేరే సంగతి). వాన వస్తోందని తాటిచెట్టు కింద చేరడమే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక అసలైనది. "మా వాడికి ఫార్ములాలు నిలవడం లేదు మాస్టారూ, లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో వేసేయమంటారా?" నిరుడు దసరా సెలవుల్లో ఒక తండ్రి వచ్చి అడిగారు. చేతిలో టెస్టు మార్కుల కాగితం నలిగిపోయి ఉంది. ఆయన భయం నాకు అర్థమైంది, కోపం రాలేదు. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) 40 ఫిజిక్స్ ప్రశ్నలుంటాయి, కాబట్టి 400 ఫార్ములాలు మింగించాలని ఎవరో నమ్మించారు. పిల్లల్ని ఎక్కువగా ముంచేది ఈ నమ్మకమే.

కుర్రాణ్ణి ఒకటే అడిగాను: "సూర్యుడు ఎక్కడ ఉదయిస్తాడు?" తూర్పున అన్నాడు. రోజూనా? నన్ను వింతగా చూశాడు.

సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండుసార్లే, మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో, పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే విషువత్తుల నాడు. మిగతా రోజుల్లో మన జిల్లాలో ఆ చోటు ఉత్తరానికీ దక్షిణానికీ 25 డిగ్రీల దాకా జరుగుతుంది. ఇంతకు ముందు కళింగపట్నం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, సంక్రాంతికి సూర్యుడు వాళ్ల కొబ్బరిచెట్టుకు కుడివైపు, రోహిణి కార్తెలో ఎడమవైపు లేస్తాడని చెప్పింది. చెప్పి, "కానీ పుస్తకంలో తూర్పు అనే ఉంది కదండీ" అని నాలుక కరుచుకుంది. కళ్లతో చూసినదాన్ని తప్పనుకునేలా మేమే నేర్పాం.

కుర్రాడికి బొగ్గుముక్క ఇచ్చాను. డాబా మీద ఒకే చోట నిలబడి, పదడుగుల దూరంలోని పిట్టగోడ మీద ప్రతి ఆదివారం సూర్యుడు లేచినచోట గీత గీయమన్నాను. మొదట్లో వారానికి దాదాపు అర అడుగు చొప్పున గీతలు కుడికి జరిగాయి. డిసెంబరు చివరికి వేలు పట్టనంత దగ్గరయ్యాయి. "ఆగిపోయాడేంటి?" అనుకుని పరుగెత్తుకొచ్చాడు. సరళ హరాత్మక చలనంలో (ఊయలలా అటూ ఇటూ ఊగే కదలికలో) వేగం ఎక్కడ సున్నా, ఎక్కడ గరిష్ఠం అని అడిగాను. కాసేపు గోడవైపు చూసినట్టు చూసి, "కొసల్లో సున్నా, మధ్యలో గరిష్ఠం" అన్నాడు. అచ్చంగా అదే చలనం కాదు గానీ చాలా దగ్గర. నిలవని ఫార్ములా అదే!

అరసవల్లి కిటుకూ అక్కడే ఉంది. కిరణాలు పడేది మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల్లో. మొదటిది విషువత్తుకు సుమారు పది రోజుల ముందు, రెండోది సుమారు పది రోజుల తర్వాత. అంటే రెండుసార్లూ సూర్యుడు తూర్పుకు కాస్త దక్షిణంగా, దాదాపు ఒకే చోట లేస్తాడు. అది మధ్య స్థానానికి దగ్గర కాబట్టి రోజుకు దాదాపు తన బింబమంత జరుగుతాడు, రెండు మూడు రోజుల్లో కిరణాలు గుడి లోపలికి వచ్చే దారి దాటిపోతాడు. ఇంత లెక్కకు రాయి పేర్చినవాళ్లకు దణ్ణం పెట్టాలి. రహస్యమని చేతులెత్తేస్తే వాళ్లకే అవమానం.

తండ్రి లాంగ్‌టర్మ్ మాట మళ్లీ ఎత్తలేదు. భోగి ముందు ఇంటికి సున్నం వేయిస్తూ తల్లి పిట్టగోడకూ వేయించేశారు, గీతలన్నీ పోయాయి. కుర్రాడు ఒకపూట అన్నం మానేశాడు. ఆ ఆదివారం కొత్త సున్నం మీద మళ్లీ మొదటి గీత గీశాడు.