ఆ 95 శాతం ఎక్కడిది?

బెంగళూరులో చికిత్సా మార్గదర్శకాల కోసం రివ్యూలు చేసే, అంటే ఒక చికిత్సపై వచ్చిన పరిశోధన పత్రాల్లోంచి పనికొచ్చేవి ఏరి క్రోడీకరించే బృందాల్లో పాత తగాదా మళ్లీ రాజుకుంది. ప్రతి అబ్‌స్ట్రాక్ట్‌నూ (పత్రం సారాంశాన్ని) ఇద్దరు విడివిడిగా చదవాలన్నది ఆనవాయితీ. ఆ రెండో కుర్చీలో సాఫ్ట్‌వేర్‌ను కూర్చోబెట్టొచ్చా? ఫార్మ్‌డీ చేసి వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఈ పనిలో కుదురుకున్న మన తెలుగు పిల్లలకు ఇది జీతం ప్రశ్న కూడా. "95 శాతం రీకాల్ వస్తోంది, అంటే పనికొచ్చే ప్రతి వంద పత్రాల్లో 95 దొరుకుతున్నాయి, ఇంకేం కావాలి?" అంటుంది ఒక పక్షం.

ఆ అంకె సంగతి తెలియాలంటే నేరుగా 2006కు వద్దాం. ఆ ఏడాది అమెరికాలోని ఓరెగాన్‌లో ఆరన్ కోహెన్ బృందం, మందుల మీద అప్పటికే పూర్తయిన 15 రివ్యూలపై, పత్రాలు ఏరే ఒక ప్రోగ్రామ్‌ను పరీక్షించింది. ఎంత చాకిరీ తగ్గిందో కొలవడానికి ఒక లెక్క కావాలి. పనికొచ్చే పత్రాల్లో 95 శాతం దొరికేసరికి మొత్తంలో ఎంత శాతం చదవకుండా మిగిలాయో చూసి, అందులోంచి 5 తీసేశారు. ఎందుకంటే, గుడ్డిగా 5 శాతం వదిలేసినా సగటున 95 శాతం చేతికొస్తుంది. 4,000 రికార్డుల్లో 2,400 మిగిలితే 60 లోంచి 5 పోను ఆదా 55 శాతం. జవాబులు ముందే తెలిసిన డేటా మీద ప్రోగ్రామ్‌లను పోల్చడానికి పెట్టుకున్న తూకపురాయి అది. రోగికి అంత చాలని ఎవరూ తేల్చలేదు. 2015లో లండన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ క్రోడీకరించి 30 నుంచి 70 శాతం పని తగ్గొచ్చన్నారు, ఒక్కోసారి 5 శాతం పత్రాలు జారిపోవచ్చని కూడా రాశారు. అమ్మకపు మాటల్లో మొదటి సగమే మిగిలింది.

అసలు పనిలో చిక్కు వేరే. చదివే మనిషి ఇన్‌క్లూడ్ (పనికొస్తుంది), ఎక్స్‌క్లూడ్ (పనికిరాదు) నొక్కేకొద్దీ సాఫ్ట్‌వేర్ మిగిలిన కుప్పను మళ్లీ పేరుస్తుంది, పనికొచ్చేవి పైకి తేలతాయి. ఎక్కడ ఆపాలి? మొత్తం ఎన్ని ఉన్నాయో తెలియనప్పుడు 95 శాతం వచ్చిందో లేదో తెలిసే దారి లేదు. వరసగా 100 పనికిరానివి వస్తే ఆపేద్దామనేవాళ్లున్నారు. అది అలవాటే తప్ప లెక్క కాదు. మిగిలిన 2,400లోంచి లాటరీ తీసినట్టు 300 తీసి చదివితే ఒక్కటీ దొరకలేదనుకోండి. అప్పటికీ లోపల 20 దాకా ఉండే అవకాశాన్ని గణాంకాల లెక్కలో 95 శాతం నమ్మకంతో కొట్టిపారేయలేం. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ తన పనిలో ఈ పద్ధతి వాడినప్పుడు పెట్టుకున్న నియమాలు చూడండి: కనీసం సగం, లేదా 1,000 రికార్డులు, ఏది ఎక్కువైతే అది, చదివి తీరాలి, ఆపాక మిగిలినవాటిలోంచి యాదృచ్ఛికంగా 10 శాతం మళ్లీ చదవాలి.

అడుగుకు దిగిపోయే రికార్డులు ఎలా ఉంటాయో తెరమీద చూస్తే తెలుస్తుంది. శీర్షిక ఒక్కటే ఉంటుంది, అబ్‌స్ట్రాక్ట్ గడి ఖాళీ. మందు పేరు, జబ్బు పేరు ఉంటాయి, "రాండమైజ్డ్" (రోగులను లాటరీ పద్ధతిలో విడదీశాం) అన్న మాట ఉండదు. పాత దేశీ పత్రికల చిన్న ట్రయల్స్ (రోగులపై చేసిన మందు పరీక్షలు), ఎడిటర్‌కు రాసిన లేఖలు చాలావరకు ఇలాగే వస్తాయి. సాఫ్ట్‌వేర్‌కు పట్టుకోడానికి మాటలే లేవు. డూప్లికేట్లు తీసేసిన వెంటనే ఇలాంటివన్నీ ఫిల్టర్ చేసి వేరే ఫోల్డర్‌లో పెట్టి ఇద్దరు మనుషులు చదవాలి. పెద్ద పనేం కాదు, కానీ తొందరలో మొదట ఎగిరిపోయే అంచె ఇదే.

సాఫ్ట్‌వేర్ పక్షం దగ్గరా బలమైన అంకె ఒకటుంది. 2020లో వచ్చిన ఒక ప్రయోగంలో అబ్‌స్ట్రాక్ట్‌లు ఒక్కరే చదివినప్పుడు పనికొచ్చే పత్రాల్లో 13 శాతం జారాయి, ఇద్దరు చదివితే 3 శాతం. ఒక్క మనిషికన్నా 5 శాతమే జార్చే యంత్రం నయం కదా అంటారు. అయితే ఆ 3 శాతం వచ్చింది ఇద్దరూ ఎవరి బుర్రతో వాళ్లు చదివినందుకు. సాఫ్ట్‌వేర్ నేర్చుకునేది మొదటి మనిషి నొక్కిన బటన్ల నుంచే. పిల్లల మోతాదు ట్రయల్స్‌ను అతను పొరపాటున ఎక్స్‌క్లూడ్ చేస్తూ పోతే అదీ తలూపుతుంది. ఇద్దరు మనుషులకు తేడా వస్తే కాన్‌ఫ్లిక్ట్ తెరమీదికొస్తుంది, మూడో మనిషి తేలుస్తాడు. ఇక్కడ ఆ కాన్‌ఫ్లిక్ట్ పుట్టదు.

రివ్యూ ఎలా చేశారో ఎలా రాయాలో చెప్పే ప్రిస్మా 2020 నియమావళిలోని ఫ్లో చార్టు, మనుషులు తీసేసినవెన్ని, యంత్రం తీసేసినవెన్ని అని విడివిడిగా చూపమంటుంది. ఇప్పుడు గొడవంతా ఆ రెండో అంకెను మార్గదర్శకాలు తేల్చే ప్యానెల్ ముందు పెట్టాలా, అనుబంధంలోకి తోసేయాలా అన్నదాని మీదే నడుస్తోంది.