భాస్వరం, బెట్ట: గుణుపురం మెట్ట పొలాల్లో రోజూ వినే అపోహలు

ఆగస్టులో పదిహేను రోజులు వాన మొహం చాటేసిందంటే చాలు, నా ఫోను మోగుతూనే ఉంటుంది. ఒడిశాలోని మా గుణుపురం దగ్గర వంశధార ఒడ్డున పల్లం మడులున్నవాళ్లూ, పద్మపూర్ వైపు మెట్టన పత్తి, మొక్కజొన్న, చోడి (రాగి) వేసినవాళ్లూ అడిగేది ఒకటే: "బాబూ, చేను వడలిపోతంది. డీఏపీ కొట్టీమంటావా?" డీఏపీ అంటే భాస్వరం, నత్రజని రెండూ ఉన్న గుళికల ఎరువు. నేల పరీక్షలు చూసి ఎరువులు చెప్పడమే నా పని కాబట్టి, ఒక్కొక్కరికీ చెప్పేది ఇక్కడ ఒకసారి రాసేస్తున్నా.

అపోహ: బెట్ట తగిలాక డీఏపీ చల్లితే చేను తేరుకుంటుంది.

వాస్తవం: తేరుకోదు. నైట్రేటు రూపంలో ఉన్న నత్రజని నీటితోపాటు కొట్టుకొచ్చి వేరును చేరుతుంది. భాస్వరానికి ఆ చలాకీతనం లేదు. మట్టి రేణువుల చుట్టూ ఉండే పలచటి నీటి పొరలో పాక్కుంటూ వస్తుంది, అదీ కొన్ని మిల్లీమీటర్లే. నేల ఆరేకొద్దీ ఆ పొర తెగిపోతుంది, దాంతో దారి మూసుకుపోతుంది. అందుకే పరీక్షలో భాస్వరం బాగానే ఉన్న పొలంలో కూడా బెట్టలో మొక్క ఆకలితో ఉంటుంది.

ఒక మొక్కజొన్న చేలో డీఏపీ చల్లిన పన్నెండో రోజున గునపంతో పెళ్ల లేపి చూశాం. గుళికలు చల్లినవి చల్లినట్టే ఉన్నాయి. ఒకదాన్ని గోటితో నొక్కితే పొడైంది. జానెడు లోతుకు తవ్వితే మట్టి చేతికి చల్లగా తగిలింది, తెల్లటి పిల్లవేర్లు ఆ తడిలోనే ఉన్నాయి. "మావా, నీ ఎరువు పైన, నీ వేరు కింద" అన్నా. మావ ఏమీ అనలేదు గానీ ఆ ఏడాది మరో బస్తా కొనలేదు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఏళ్ల తరబడి పైపైన చల్లడం వల్ల భాస్వరం ఎక్కువగా పై నాలుగైదు అంగుళాల్లోనే పేరుకుంటుంది. బెట్టలో ముందు ఆరిపోయేదీ ఆ మట్టే. కాబట్టి విత్తేటప్పుడే చాల్లో, విత్తనానికి రెండంగుళాలు పక్కకి, రెండంగుళాలు కిందికి వెయ్యాలి. విత్తనానికి ఆనించొద్దు, డీఏపీ నుంచి వచ్చే అమోనియా సెగకి మొలక మాడుతుంది. మొదటి మూడు వారాల్లో భాస్వరం అందిన మొక్క వేరు త్వరగా దిగుతుంది. వాన ఆగేసరికి ఆ వేరు తడిలో ఉంటే చాలు. బెట్టకి భాస్వరం చేసే సాయం అంతవరకే.

అపోహ: అలాగైతే రెట్టింపు వేస్తే రెట్టింపు తట్టుకుంటుంది.

వాస్తవం: లోటు ఉన్నచోట లోటు తీర్చడమే దాని పని. అంతకు మించి వేస్తే జింకు అందక ఆకు పాలిపోవచ్చు. పైగా ముందే ఏపుగా పెరిగిన చేను నేలలోని తడిని ముందే తాగేస్తుంది, గింజ పట్టే వేళకి ఏమీ మిగలదు.

అపోహ: మన ఎర్రనేలల్లో భాస్వరమే లేదు.

వాస్తవం: ఉంది, కట్టేసి ఉంది. ఒడిశా సాగునేలల్లో దాదాపు 70 శాతం ఆమ్ల నేలలే. వాటిలో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టేసుకుంటాయి. వేసిన ఎరువులో మొదటి పంటకి దక్కేది మామూలుగా 15 నుంచి 20 శాతమే. ఉదజని సూచిక (pH) ఐదు దగ్గరుంటే ముందు సున్నం సంగతి చూడాలి. కాగితం మిల్లు సున్నపు మడ్డి వాడటం ఇక్కడివాళ్లకి కొత్తేమీ కాదు. తొలి రోజుల్లో ఒకాయనతో సున్నం, సూపర్ (సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు) ఒకేసారి కలిపి చల్లించాను. సున్నంలోని కాల్షియం సూపర్‌లోని భాస్వరాన్ని అక్కడికక్కడే కట్టేసింది, డబ్బు దండగ. సున్నం ముందు వెయ్యాలి, రెండు మూడు వారాలాగి భాస్వరం వెయ్యాలి.

ఇక కంది ముచ్చట. కంది వేరు పిసిడిక్ ఆమ్లం వదిలి, ఇనుముకి అతుక్కున్న భాస్వరాన్ని విడిపించుకుంటుందని పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1990లో చూపించారు. చోడిలో కంది సాళ్లు కలిపే కొండ రైతులకి ఆ ఆమ్లం పేరు తెలియదు. నన్నడిగితే ఈ నేలకి అంతకన్నా మంచి జత లేదు.

నేల పరీక్ష కార్డులో భాస్వరం అంకె చూసేటప్పుడు రెండు సంగతులు అడగండి. మొదటిది, ఏ పద్ధతిలో కొలిచారు? ఆమ్ల నేలకి బ్రే పద్ధతి సరైనది, ఓల్సెన్ పద్ధతి తటస్థ, క్షార నేలలకి. రెండోది, ఆ అంకె భాస్వరానిదా, ఎరువు బస్తాల మీద లెక్కగట్టే భాస్వర పెంటాక్సైడుదా? రెండింటికీ 2.29 రెట్లు తేడా. ఒక ప్రయోగశాల ఈ రెండూ కలగాపులగం చేసి ఇచ్చిన కార్డు పట్టుకుని నేనొక సీజనంతా తప్పు సలహాలు చెప్పాను.

అపోహ: పల్లం వరికి నీళ్లుంటే చాలు, భాస్వరంతో పనిలేదు.

వాస్తవం: నీళ్లు నిలిచి ఉన్నంతకాలం ఇనుము కరిగి భాస్వరాన్ని వదులుతుంది, నిజమే. మడి ఆరి బీటలిచ్చిందా, మళ్లీ పట్టేసుకుంటుంది. అంటే ఎండిన మడిలో వరికి దెబ్బ రెండు వైపుల నుంచీ తగులుతుంది. భాస్వరం చాలని వరి పిలకలు తక్కువ వేసి, పూతకి ఆలస్యంగా వస్తుంది. అక్టోబరులో వాన వెనక్కి తగ్గాక పూసిన వెన్ను తాలుపోతే, జనం తప్పు వాన మీదే వేస్తారు. కసలత్ అనే పాత వరి రకంలో తొలి దశలోనే వేరును పెంచే పీస్టోల్1 అనే జన్యువును శాస్త్రవేత్తలు 2012లో గుర్తించారు. భాస్వరం చాలని నేలలో అది దిగుబడిని నిలబెట్టింది.

అపోహ: సూపర్ నాసిరకం, డీఏపీయే అసలు ఎరువు.

వాస్తవం: 50 కిలోల డీఏపీలో 23 కిలోల భాస్వర పెంటాక్సైడు. మూడు బస్తాల సూపర్‌లో 24 కిలోలు, దాంతోపాటు గంధకం కూడా. డీఏపీలో వచ్చే 9 కిలోల నత్రజని కోసం 20 కిలోల యూరియా కలుపుకోవాలి, అంతే. డీఏపీ దొరకలేదని విత్తు ఆపుకుని కూర్చోకండి.

అపోహ: భాస్వరం కరిగించే బ్యాక్టీరియా ప్యాకెట్టు ఉంటే ఎరువే అక్కర్లేదు.

వాస్తవం: అది కొత్తగా భాస్వరం పుట్టించదు, ఉన్నదాన్ని కొంత కరిగిస్తుంది. ఎండిన మట్టిలో దానికీ బతుకు కష్టమే. పశువుల ఎరువులో కలిపి, తడి మీద వెయ్యండి. కొనే ముందు ప్యాకెట్టు మీద తేదీ చూడండి, దుకాణం ముందు ఎండలో పేర్చి పెట్టినది ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోకండి.