మన ఎండకు తగిన ఇల్లు

మే రెండో వారంలో ఒక రోజు మిట్టమధ్యాహ్నం హనుమకొండలో ఆరుబయట నిలబడితే మన నీడ మన కాళ్ల కిందే ఉంటుంది. వరంగల్ ఉన్నది 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. అందుకే ఏడాదికి రెండుసార్లు, మేలో ఒకసారి, జులై ఆఖరున ఇంకోసారి, సూర్యుడు నడినెత్తికి వస్తాడు. రెండోసారికి మబ్బులు అడ్డుంటాయి. మొదటిసారికి ఏ అడ్డూ ఉండదు. ఆ ఎండనంతా మోసేది ఇంటి కప్పే. అయినా ఇల్లు కట్టుకునేటప్పుడు ఎలివేషన్ గురించి, ఫ్లోర్ టైల్స్ గురించి నెలల తరబడి మాట్లాడుకుంటాం. స్లాబు గురించి మాత్రం ఎన్ని ఇంచులు అని అడిగి ఊరుకుంటాం.

పరకాల దగ్గర మా అమ్మమ్మ వాళ్లకు భవంతి ఉండేది. నడుమ ఆకాశం కనిపించే ఖాళీ జాగా, చుట్టూ వసారాలు, వాటి వెనక అర్రలు. మూరెడు మందం మట్టిగోడలు, టేకు దూలాలు, పైన గూనపెంకులు. కోతులు పెంకులు పీకి పారేస్తుంటే ఏటా సర్దించలేక మామయ్య దాన్ని విప్పించి డాబా వేశాడు. ఆయన్ని తప్పుపట్టలేను. మా వైపు పెంకుటిళ్లు ఎన్నో ఇలాగే పోయాయి. కానీ డాబా వేసిన మొదటి ఎండాకాలమే అమ్మమ్మ మంచం వేపచెట్టు కిందికి చేరింది.

కారణం చాలా సూటిగా ఉంటుంది. వేడి దేనిలోంచైనా మెల్లగా నడుస్తుంది. నాలుగున్నర ఇంచుల కాంక్రీటు స్లాబు దాటడానికి దానికి సుమారు మూడు గంటలు చాలు. ఒంటిగంటకు పైన మాడిన స్లాబు నాలుగింటికల్లా లోపలికి సెగ దించుతుంది, చీకటి పడ్డాక కూడా ఆపదు. తొమ్మిదించుల ఇటుక గోడకు ఆరేడు గంటలు పడుతుంది. పడమటి గోడ సాయంత్రం నాలుగింటికి బాగా కాలుతుంది కాబట్టి, ఆ వేడి పదిన్నర పదకొండుకు, సరిగ్గా మనం పడుకునే వేళకు, గదిలోకి దిగుతుంది. మూరెడు మట్టిగోడకైతే పన్నెండు గంటలకు పైనే కావాలి. అప్పటికి బయట చల్లబడి, గోడలోని వేడి చాలావరకు వచ్చిన దారినే పోతుంది. గూనపెంకుల పద్ధతి వేరు. అవి పలుచన, సందులెక్కువ. వేడెక్కిన గాలి సందుల్లోంచి పైకి పోతుంది, పొద్దుగూకగానే పెంకు చల్లారుతుంది.

ఇప్పుడు మేం 200 గజాల్లో ఇల్లు మొదలుపెట్టబోతున్నాం. ముప్పై అడుగుల వెడల్పు, అరవై పొడవు. మళ్లీ పెంకుల కప్పు వేయలేం, కోతులు అలాగే ఉన్నాయి. నేను ఎక్కువగా ఆలోచించింది స్లాబు గురించే. స్లాబు మీద బరువు పడితే పైభాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. సాగే చోట కాంక్రీటు పెద్దగా పనికిరాదు, బలమంతా ఇనుప చువ్వలదే. అలాంటప్పుడు కిందివైపు చువ్వల మధ్య కాంక్రీటుకు బదులు పెంకులో మట్టి మూకుళ్లో పెట్టవచ్చు. దీన్నే ఫిల్లర్ స్లాబ్ అంటారు. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఎన్నో ఇళ్లకు ఇలా వేశారు. రెండు పెంకులు ఎదురెదురుగా బోర్లిస్తే మధ్యలో గాలి చిక్కుతుంది. కదలని గాలి వేడికి మంచి అడ్డు. 1213 నాటి పాలంపేట రామప్ప గుడి శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, లోపలంతా గాలి గుల్లలే. అక్కడ వాటి పని రాతికట్టడం మీద బరువు తగ్గించడం. మా స్లాబులో బరువూ తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది, సిమెంటూ మిగులుతుంది. అయితే చువ్వల లెక్క తప్పనిసరిగా స్ట్రక్చరల్ ఇంజినీరే వేయాలి. బీముల పక్కన, బాత్రూముల మీద ఫిల్లర్ పెట్టకూడదు.

స్లాబు పైన తెల్ల సున్నం. ఇంతకంటే చవకైన ఉపాయం లేదు. మాసిన కాంక్రీటు ఎండలో సగానికి మించి తాగేస్తుంది. కొత్త సున్నం చాలా భాగాన్ని తిప్పి పంపుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. దుమ్ము పడితే గుణం తగ్గుతుంది కాబట్టి ఏటా మార్చిలో ఒక పూత వేయాలి.

నడిమి జాగాను వదులుకోదలచుకోలేదు. ఎనిమిది అడుగులు, పది అడుగులు, పైన కోతుల కోసం ఇనుప జాలీ. రాత్రి ఆ నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దిగి చుట్టూ గదుల్లోకి పారుతుంది. మేలో పగలు 43, తెల్లవారుజామున 28 ఉండే ఊళ్లో ఆ తేడాయే మన ఆస్తి. దాన్ని పట్టుకోవాలంటే అమ్మమ్మ చేసినట్టే చేయాలి: పొద్దున్నే కిటికీలు మూసి, చీకటి పడ్డాక తెరవాలి. పడమర వైపు మెట్లు, స్టోరు, బాత్రూము పెడుతున్నాం, అటు కాలే గోడ పడకగదిది కాకుండా.

గోడలకు మట్టి దిమ్మెలు అనుకుంటున్నాం. ఎర్ర చల్క మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి మిషన్‌తో నొక్కి, మూడు వారాలు తడిపితే చాలు, బట్టీ అక్కర్లేదు. నల్లరేగడి పనికిరాదు, తడికి ఉబ్బి ఎండకు పగులుతుంది. గాజు సీసాలో మట్టి, నీళ్లు పోసి కుదిపి వదిలితే ఇసుక ముందు కిందికి చేరుతుంది, బంకమన్ను ఆఖరున పేరుకుంటుంది. మా సీసాలో ఇసుకే ఎక్కువ కనిపించింది, దిమ్మెలకు కావాల్సింది అదే.

వాన సంగతి చిన్న లెక్క. 100 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 900 మిల్లీమీటర్లు కురిస్తే 90 వేల లీటర్లు. కొంత పోయినా మిగిలింది సంపుకూ ఇంకుడు గుంతకూ చాలు.

మామయ్య విప్పించిన పెంకులు ఇంకా కొట్టం వెనక పేర్చే ఉన్నాయి. పోయిన ఆదివారం నుంచి నేనూ తమ్ముడూ పగలనివి ఏరి, నాచు గీకి, ట్రాక్టరుకు ఎత్తుతున్నాం. కొన్నిటి లోపలివైపు కుమ్మరి వేళ్ల గీతలు ఇప్పటికీ ఉన్నాయి.