ఎందులో ఇరవై శాతం?

చిరంజీవులకు ఆశీస్సులు.

మాటల్లో ఇచ్చిన లెక్క చూస్తే టెన్షన్ వస్తోందని రాశారు. కూడికలు, గుణకారాలు మీకు బాగానే వచ్చు. చిక్కల్లా లెక్కను చదవడంలోనే ఉంది. ఇది చూడండి.

"పుస్తకంలో 20 శాతం చదివేశాను, ఇంకా 400 పేజీలున్నాయి. మొత్తం ఎన్ని పేజీలు?"

400లో 20 శాతం 80, కలిపితే 480 అనేస్తారు చాలామంది. సరిచూద్దాం. 480లో 20 శాతం 96. అది తీసేస్తే మిగిలేది 384. మనకు 400 రావాలి కదా! లెక్కలో చెప్పిన 20 శాతం మొత్తం పుస్తకంలోది. మీరు మిగిలిన పేజీల్లోంచి తీశారు. శాతం అని కనబడగానే "ఎందులో శాతం?" అని అడగండి. ఇక్కడ ఆ మొత్తమే తెలియదు కాబట్టి దాన్ని ఎక్స్ అనుకుందాం. 20 శాతం పోగా 80 శాతం ఉంటుంది. అంటే ఎక్స్‌లో 80 శాతం 400. ఒక శాతానికి 5 పేజీలు, నూటికి 500. 500లో 100 చదివితే 400 మిగిలాయి, సరిపోయింది.

ఎక్స్ అంటే భయం దేనికి? తెలియనిదానికి పెట్టుకున్న ముద్దుపేరు, అంతే. తల్లీకూతుళ్ల వయసులు కలిపితే 40. తల్లి 30 ఏళ్లు పెద్ద. కూతురి వయసెంత? నోటికి వెంటనే 10 వస్తుంది. అప్పుడు తల్లికి 40, కలిపితే 50 అయిపోతుంది! కూతురిది ఎక్స్ అయితే తల్లిది ఎక్స్ ప్లస్ 30. రెండూ కలిపితే రెండు ఎక్స్‌లు, ఒక 30. 40లోంచి 30 తీసేస్తే 10, అందులో సగం 5. తల్లికి 35.

అన్నట్టు, మనం వాడే సమాన గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అనే ఆయన ప్రవేశపెట్టాడు. ఒకే పొడవున్న రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి ఇంకేముంటాయని ఆయన వాదన. నాకు భలే నచ్చింది.

వేగాల లెక్కల్లోనూ అదే ప్రశ్న, "దేనికి ఎంత?" అని. 120 కిలోమీటర్లు గంటకు 60 చొప్పున వెళ్లి, 40 చొప్పున తిరిగొస్తే సగటు వేగం 50 కాదు. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు. 240 కిలోమీటర్లకు 5 గంటలు, అంటే గంటకు 48. నెమ్మదిగా నడిచిన సమయమే ఎక్కువ కాబట్టి సగటు అటు మొగ్గింది.

ఒక లెక్క మీకు వదిలేస్తున్నాను. ఒక సంఖ్యను 10 శాతం పెంచి, వచ్చినదాన్ని మళ్లీ 10 శాతం తగ్గిస్తే మొదటి సంఖ్యే వస్తుందా? జవాబు, దాంతోపాటు ఎందుకో కూడా, వచ్చే ఉత్తరంలో రాయండి.

ఇట్లు,
తాతయ్య